కాకెంగిలి

హార్బరు వీధి, కుట్టుమిషను గది
వేసవి మొదట్లో

పిచ్చుకా,

ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని ఆశ్చర్యపోతావు. ఫోనులో అయితే నా గొంతు విని ముందు నువ్వు ఏడుస్తావు. నిన్ను ఊరుకోబెట్టడంతోనే సరిపోతుంది, అడగాల్సింది అడక్కుండానే పెట్టేస్తాను. పైగా ఈ ఇంట్లో గోడలకి చెవులున్నాయి, వాటిలో రెండు మీ అమ్మగారివి.

మొన్న ఆస్పత్రి నుంచి పిలుపొచ్చింది. మీ అన్నయ్య రాలేకపోయారు. టగ్గు పడవ ఇంజను మొరాయించిందని పొద్దున్నే రేవుకి వెళ్ళారు. ఒక్కదాన్నే వెళ్ళాను. పిల్లల వార్డు ముందునుంచి నడవలేక వెనకవైపు మెట్లెక్కి పోయాను. మన బుడంకాయని చూసిన డాక్టరమ్మే కూర్చోమంది. కిందటి వానల్లో వాడు పోయినప్పుడు, "జ్వరం మెదడుకెక్కిందమ్మా, ఎందుకన్నది అంతుపట్టలేదు" అన్న ఆవిడే. ఇప్పుడు కొంత అంతుపట్టిందట. అప్పట్లో వాడి గొంతులోంచి దూదిపుల్లతో తీసి దాచిన దానిలో కొత్త వైరస్ దొరికిందట. ఇన్నాళ్ళూ లోకంలో ఎవరూ చూడనిదట. కనిపెట్టింది కొండమీది ల్యాబువాళ్ళట. అంటే మీరే.

"మీ ఇంట్లో సముద్రం అవతలి దేశంలో ఉండి వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారా? ఇది అక్కడివాళ్ళ ద్వారా వచ్చిందేమోనని చూస్తున్నారు" అంది.

"నేనే ఉన్నానండీ" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అది చాలు కదా.

నీకు తెలిసిందే, మా నాన్న అక్కడ గనుల ఆస్పత్రిలో కాంపౌండరు. నేను పుట్టింది అక్కడే. పాలపళ్ళు ఊడే వయసులో ఇక్కడికొచ్చాను. వాడు వెళ్ళని దేశాన్ని, చూడని జనాన్ని వాడికి అంటించగలిగేది ఈ ఇంట్లో నేను తప్ప ఎవరు?

ఎంగిలి వల్ల వస్తుందా అని అడిగాను. వచ్చే వీలుందంది. అప్పట్నుంచీ ఒకటే గుర్తొస్తోంది. వాడికి ముందుపళ్ళు ఊడాయి కదా, యాపిల్ కొరకలేడు. నేనే కొరికి ముక్కలు చేతిలో పెట్టేదాన్ని. "ఛీ అమ్మా, ఎంగిలి" అనేవాడు, తానేదో పెద్ద శుభ్రం తెలిసినవాడిలా. తర్వాత బళ్ళో కాకెంగిలి నేర్చుకొచ్చాడు. గుడ్డ అడ్డం పెట్టి కొరికితే ఎంగిలి కాదట, అది కాకి కొరికిన లెక్కట. నేను కుడుతున్న యూనిఫారం గుడ్డ లాక్కొచ్చి యాపిల్ మీద కప్పి, "ఇప్పుడు కొరుకమ్మా" అనేవాడు. దళసరి గుడ్డ, పళ్ళు దిగుతాయా? నవ్వీ నవ్వీ గుడ్డ తీసి అవతల పడేసి, ఇద్దరం ఒకే పండు తినేవాళ్ళం.

పిచ్చుకా, ఒక్కటే అడుగుతున్నాను. వాడికి అది నేనే ఇచ్చానా? అవునో కాదో ఒక్క ముక్క రాయి. మీ అన్నయ్యకీ అత్తయ్యకీ ఇంకా చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

నీ వదిన

*

ల్యాబు హాస్టలు, మేడమీది గది

వదినా,

నీ ఉత్తరం పొద్దున అందింది. క్యాంటీనులో చదవడం మొదలుపెట్టి, మధ్యలో లేచి గదికొచ్చేశాను. ఇక్కడి వంటవాడు నా వెనకే వచ్చి "ఉప్పు ఎక్కువైందా అమ్మాయిగారూ?" అని తలుపు కొట్టాడు. పాపం, ఆయన వంటలో ఉప్పు ఏనాడూ ఎక్కువవలేదు.

ముందు ఒకటి నమ్ము. మా దగ్గరకొచ్చే నమూనాల మీద పేర్లుండవు, నంబర్లే. వేలెడేసి గొట్టాలు, మంచుకన్నా చల్లటి పెట్టెలో నిలబడి ఉంటాయి. రెండు జతల గ్లవ్స్ తొడుక్కుని ఒక్కొక్కటే కరిగించి మిషనుకి అందిస్తాను. అది లోపల ఉన్నదంతా చదివి, మనిషివి ఇవీ, తెలిసిన క్రిములవి ఇవీ అని పక్కకు తీసేస్తుంది. ఇల్లంతా ఊడ్చాక చాటలో ఎవరిదో తెలియని గుండీ ఒకటి మిగిలినట్టు, ఆఖర్న ఇది మిగిలింది. వాటిలో ఒకటి మనవాడిదని నాకు తెలియదు. తెలిస్తే ఆ గొట్టం పట్టుకోగలిగేదాన్ని కాదు.

ఇంకో సంగతి. కొత్తగా దొరకడం వేరు, కొత్తగా రావడం వేరు. ఇది మనుషుల్లో ఎప్పట్నుంచో ఉండి ఉండొచ్చు. చూసే కళ్ళు మనకి ఇప్పుడొచ్చాయి, అంతే. కొన్ని దేశాల్లో ఎక్కువగా, కొన్నిట్లో అసలు లేకుండా కూడా ఉండొచ్చు. ఎక్కడ ఎంత ఉందో ఇంకా ఎవరూ చూడలేదు. గొంతులో దొరికినంత మాత్రాన అదే జ్వరం తెచ్చిందనుకోకూడదు. ఆ డాక్టరమ్మ తొందరపడి నీతో అలా మాట్లాడి ఉండాల్సింది కాదు.

నువ్వు వేళకి తింటున్నావా? బళ్ళు తెరిచే రోజులు, యూనిఫారాల పని నెత్తిమీదికొచ్చి ఉంటుంది. చిన్నదానికి ఎన్ని పళ్ళొచ్చాయి? ఆ బోసినోటితో ఒక ఫోటో పంపు. మా ప్రొఫెసర్ గారు నెత్తిమీద కళ్ళజోడు పెట్టుకుని ల్యాబంతా దాని కోసమే వెతుకుతుంటారు, ఆయన బల్లమీద పెడతాను, చూసి నవ్వుకుంటారు.

మనసు రాయి చేసుకో వదినా. నేనున్నాను.

నీ పిచ్చుక

*

హార్బరు వీధి

చిరంజీవి సౌభాగ్యవతి ఆడపడుచుకి,

నీ ఉత్తరం అటు తిప్పీ ఇటు తిప్పీ చదివాను. వంటవాడున్నాడు, కళ్ళజోడుంది, గుండీ ఉంది. అవును లేదు, కాదు లేదు. నేను చదువుకున్నది తక్కువే కానీ, మాట దాటెయ్యడం తెలియనంత అమాయకురాలిని కాను. మా నాన్న కాంపౌండరు. రోగి బతకడని తెలిసినప్పుడు ఆయన కూడా ఇలాగే కుశలప్రశ్నలు ఎక్కువ వేసేవాడు.

నువ్వు చెప్పకపోయినా వీధి చెబుతోంది. డాక్టరమ్మ నన్నొక్కదాన్నే పిలవలేదు. వానల్లో జ్వరమొచ్చిన పిల్లల తల్లులందర్నీ పిలిచి అదే ప్రశ్న అడిగిందట. ఆ మాట రేవు నుంచి బడి దాకా పాకింది. బడివాళ్ళు యూనిఫారాల గుడ్డ పంపుతూ ఆయాచేత కబురు పెట్టారు. ఆవిడ గుమ్మం దిగుతూ దిగుతూ, "అమ్మా, ఏమనుకోకు, దారం పంటితో తెంపుతావా నువ్వు?" అని అడిగింది. ఇన్నేళ్ళూ పంటితోనే తెంపాను. ఇప్పుడు కత్తెర మెడలో వేలాడేసుకుని కుడుతున్నాను. అన్ని కొలతలూ కత్తిరించాను. ఆరేళ్ళవాళ్ళ కొలత, అంటే మనవాడి కొలత, మాత్రం పక్క దర్జీకి ఇచ్చేశాను.

ఈ వీధిలో అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళు నేనొక్కదాన్నే అయితే ఒక దారి. గనులు మూతపడ్డప్పుడు ఒకే ఓడలో వచ్చినవాళ్ళంతా ఇక్కడే దిగి, ఇక్కడే ఉండిపోయారు. క్రేను డ్రైవరు వాళ్ళూ, వలలమ్మే ఆవిడా, తాళాలు బాగుచేసే ముసలాయనా, వాళ్ళ పిల్లలూ మనవలూ అంతా ఆ ఓడవాళ్ళే. ఇప్పుడు కొళాయి దగ్గర మిగతావాళ్ళు మా బిందెలు జరిపి తమవి పెట్టుకుంటున్నారు. జరిపేటప్పుడు గుడ్డతో పట్టుకుంటున్నారు.

అడిగావు కనుక చెబుతున్నాను. చిన్నదానికి నాలుగు పళ్ళొచ్చాయని అత్తయ్య చెప్పారు. నేను దూరం నుంచే చూశాను. దానికి పాలు మాన్పించేశాను. ఈ మిషను గదిలోనే పడుకుంటున్నాను. నా గ్లాసూ పళ్ళెం కిటికీలో వేరే పెట్టుకున్నాను. జలుబు చేసింది, పిల్లకి అంటుతుందని చెప్పాను. మీ అన్నయ్య పాపం నమ్మారు. రోజూ రేవు నుంచి వస్తూ మాత్రలు తెస్తున్నారు. అత్తయ్య మాత్రం "ఏం జలుబమ్మా ఇది, ఇంత ఎండలో కూడా ఆరదు" అన్నారు.

అది పాకుతూ తలుపుదాకా వచ్చి చెయ్యి చాపుతుంది. నేను మిషను తొక్కుతూ ఉంటాను. చప్పుడాగితే ఏడుస్తుందని గుడ్డ లేకపోయినా తొక్కుతాను.

ఇద్దరిలో ఒకరిని నా నోటితో పోగొట్టుకున్నాను. రెండోదాన్ని పోగొట్టుకోను. నువ్వు నిజం రాసినా రాయకపోయినా నా పద్ధతి ఇదే.

ఇట్లు,
మీ వదిన

*

ల్యాబు హాస్టలు

వదినా, నా బంగారు వదినా,

"ఇట్లు, మీ వదిన" అని రాశావేం? నువ్వు నన్ను తిట్టినప్పుడు కూడా మీరు అనలేదు ఏనాడూ. నా తప్పే. నువ్వు అడిగింది ఒకటైతే నేను రాసింది ఇంకొకటి. ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తాను, కూర్చుని చదువు.

ఆ జ్వరమొచ్చిన పిల్లల గొంతు నమూనాల్లో సగానికి పైగా ఈ వైరస్ ఉంది. పోల్చి చూడటానికి ఇక్కడి కాలేజీ కుర్రాళ్ళవీ అమ్మాయిలవీ తీశాం, ఏ జబ్బూ లేనివాళ్ళవి. వాళ్ళలో వెతికినా దొరకలేదు, ఎక్కడో ఒకరిద్దరికి తప్ప. జబ్బు పిల్లల్లో ఉంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో లేదు. కాబట్టి జ్వరానికి ఇదే కారణమని ప్రొఫెసర్ గారి నమ్మకం. వ్యాసం సగం రాసేశారు కూడా. నాకు ముందే తెలుసు వదినా. అందుకే వంటవాడి కబుర్లు రాశాను. నిజం రాయడానికి చెయ్యి రాలేదు.

నీ ఉత్తరం చదివాక మొదట నేనూ నువ్వనుకున్నదే అనుకున్నాను. బల్లమీద తల పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత మళ్ళీ చదివితే కొళాయి దగ్గరి బిందెల సంగతి దగ్గర ఆగిపోయాను. మీ వీధి సగం అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళేనని ఎన్నోసార్లు వచ్చి తిరిగిన నాకు తెలియదా? తెలుసు. కానీ ఆ సంగతినీ ఈ గొట్టాలనీ ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. మా జబ్బు నమూనాలన్నీ మీ హార్బరు ఆస్పత్రివి. మా ఆరోగ్య నమూనాలన్నీ ఈ కొండమీద పుట్టి పెరిగినవాళ్ళవి. మేం జబ్బున్నవాళ్ళనీ జబ్బు లేనివాళ్ళనీ పోల్చామా, లేక మీ వీధినీ మా కొండనీ పోల్చామా?

ఇదే ప్రొఫెసర్ గారిని అడిగాను. ఆయన కళ్ళజోడు నెత్తిమీంచి జారి ముక్కుమీద పడింది. "అడగాల్సిన ప్రశ్న ముందే అడగలేదేం మనం?" అన్నారు. నన్ను కాదు, తనని తానే అడుగుతున్నట్టు.

ఆశ పెట్టుకోకు. నా అనుమానం తప్పే కావచ్చు, అప్పుడు నీ భయమే నిజమవుతుంది. తేలాలంటే రెండు కావాలి. అవతలి దేశంలోనూ ఇంకా రెండు మూడు చోట్లా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ నమూనాలు. వాటికి ఆయన రాస్తున్నారు. రెండోది, మీ వీధిలో ఏ జబ్బూ లేని పిల్లల గొంతు నమూనాలు. నర్సుని పంపుతాం. కానీ తెల్లకోటు చూస్తే ఇప్పుడు మీ వీధి తలుపు తియ్యదు. నువ్వు పిలిస్తే తీస్తారు. ఈ పని నీకు చెప్పడానికి నాకు నోరు రావడం లేదు, అయినా చెబుతున్నాను.

చిన్నదాని నమూనా కూడా ఇప్పించు.

నీ పిచ్చుక

*

హార్బరు వీధి, మిషను గది
ఎండలు తగ్గుతున్నాయి

పిచ్చుకా,

నిన్ను కొట్టాలనిపించింది, దగ్గర లేవు కనుక బతికిపోయావు. తెలిసీ నెల రోజులు దాచావా? సరే, దాచినదానివి చెప్పావు కూడా. చెప్పడమే కష్టం.

వీధంతా తిరిగాను. నర్సు పిల్లది, చెప్పులు కరుస్తున్నాయని ప్రతి గుమ్మం దగ్గరా కూర్చునేది. క్రేను డ్రైవరు భార్య అడ్డంగా నిలబడింది.

"మా పిల్లలకి ఏ రోగమూ లేదు కదక్కా, ఎందుకు తియ్యడం?"

"లేదు కాబట్టే తల్లీ. ఉన్నవాళ్ళవి ఆల్రెడీ తీశారు."

"తీసి, ఉందని తేలితే? అప్పుడు మమ్మల్నీ నీలా చూస్తారు వీధిలో."

"నాలా ఒక్కదాన్నే ఉండటం కన్నా అందరం కలిసి ఉంటే నయం కదే" అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట. ఆమె నా మొహంలోకి చూసి, పక్కకి జరిగింది. పిల్లలు ముగ్గుర్నీ వరసగా నిలబెట్టి, "నోళ్ళు తెరవండ్రా, పెద్దమ్మ అడుగుతోంది" అంది.

వలలమ్మే ఆవిడ తలుపు మొహమ్మీదే వేసింది. లోపల్నుంచి, "నీ కొడుకుని మింగింది చాలక మా పిల్లల గొంతుల్లో చేతులు పెడతావా?" అని అరిచింది. నేను మెట్టుమీద కూర్చుండిపోయాను. ఆవిడ అన్నదాంట్లో కొత్తేముంది, రోజూ నాకు నేను అనుకునేదే. కాసేపటికి తలుపు కొంచెం తీసి మనవరాలిని బయటికి నెట్టింది. తను మాత్రం మొహం చూపించలేదు. తాళాల ముసలాయన నా గొంతూ చూడండని నోరు తెరుచుకు కూర్చున్నాడు. పిల్లలదే కావాలి తాతా అంటే, "మరి మా అమ్మ నన్నింకా పిల్లాడనే అనేది" అని అలిగాడు. నర్సుపిల్ల జాలిపడి ఆయనదీ తీసింది. ఆ రోజంతా ఎవరో ఒకరు నవ్వారంటే అప్పుడే.

ఆఖర్న మన ఇల్లు. "పిల్లని వొళ్ళో పెట్టుకుని తల గట్టిగా పట్టుకోండమ్మా" అంది నర్సు నాతో. నేను వెనక్కి జరిగాను. గోడ తగిలేదాకా జరిగాను. అత్తయ్యే ఎత్తుకున్నారు. దూదిపుల్ల నోట్లోకి వెళ్ళగానే అది కెవ్వుమని, అత్తయ్య వొళ్ళోంచి నా వైపు రెండు చేతులూ చాపింది. అమ్మా అని ఒకటే అరుపు. అమ్మా అనడం ఎప్పుడు నేర్చుకుందో కూడా నాకు తెలియదు.

నేను గోడకి ఆనుకునే ఉన్నాను.

నర్సు వెళ్ళాక అత్తయ్య తలుపేసి అడిగారు. "ఎన్నాళ్ళమ్మా ఈ జలుబు? నిజం చెప్పు."

చెప్పేశాను. అంతా. తిడతారనుకున్నాను. మనవడంటే ఆవిడకి ప్రాణం కదా, వాడు పోయాక నాతో సరిగా మాట్లాడింది కూడా లేదు. నా కిటికీలోంచి గ్లాసూ పళ్ళెం తీసుకెళ్ళి కడిగి అందరివాటిలో కలిపేశారు. "మా కొడుక్కి నేనే చెబుతాను, నువ్వు నోరెత్తకు" అన్నారు. నేను మాత్రం గ్లాసు మళ్ళీ వేరే తెచ్చుకున్నాను. ఆ రోజు సాయంత్రం మీ అన్నయ్య వచ్చి, తెచ్చిన మాత్రలు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

త్వరగా చూడు పిచ్చుకా. నన్ను ఉరి తీసినా త్వరగా తియ్యండి.

నీ వదిన

*

ల్యాబు
వానలు మొదలయ్యాయి

వదినా,

అన్నీ తేలాయి. ప్రొఫెసర్ గారి సంతకంతో మీ ఆస్పత్రికి కాగితం వెళుతుంది, కానీ ముందు నువ్వు నా నోటినుంచే వినాలి.

అవతలి దేశం నుంచి వచ్చిన నమూనాల్లో, ఏ జబ్బూ లేని మామూలు పిల్లల్లో, దాదాపు అందరికీ ఉంది ఇది. పాలపళ్ళు ఊడకముందే వచ్చేస్తుంది అక్కడ. వచ్చి, ఏమీ చెయ్యకుండా, ముసలివాళ్ళయ్యేదాకా గొంతులో ఓ మూల కూర్చుంటుంది. ఇంకో ఖండంలో సగంమందికి ఉంది. ఉత్తరాన చలిదేశంలో పదిమందిలో ఒకరికి. మా కొండమీద ఇంచుమించు లేదు. ఇరుకిళ్ళలో, ఒక పళ్ళెంలో తినేచోట త్వరగా అంటుతుందనుకున్నాం. అలా అయితే ఆ సగం ఉన్న ఖండంలోనూ అందరికీ ఉండాలి, వాళ్ళూ అంతే కలిసి తింటారు. ఎందుకు ఒక్కోచోట ఒక్కోలా ఉందో ఇంకా తెలియదు.

మీ వీధిలో ఏ జబ్బూ లేని పిల్లల్లో సగానికి పైగా ఉంది. జ్వరమొచ్చిన పిల్లల్లో ఎంత ఉందో సరిగ్గా అంతే. క్రేను డ్రైవరు పిల్లలు ముగ్గురికీ ఉంది. తాళాల తాతకీ ఉంది, ఆయనకి చెప్పు, సంతోషిస్తాడు. "మనం రోగాన్ని కొలవలేదు, వీధిని కొలిచాం" అన్నారు ప్రొఫెసర్ గారు. రాసిన వ్యాసం పక్కన పడేసి మళ్ళీ మొదటినుంచీ రాస్తున్నారు. డాక్టరమ్మ ఇంటింటికీ వచ్చి స్వయంగా చెబుతానందట. చెప్పించండి, అది మీ హక్కు.

ఇక నువ్వు మొదటి ఉత్తరంలో అడిగినదానికి. ఈ వైరస్ చోటుని బట్టి కాస్త కాస్త మారి ఉంటుంది. ఆస్పత్రివాళ్ళని అడిగి నంబరు తెలుసుకున్నాం, బుడంకాయలో దొరికింది అవతలి దేశంలోని రకమే. తర్వాత మీరు ముగ్గురూ ఆస్పత్రిలో ఇచ్చిన నమూనాలూ చూశాను, అన్నయ్యకి లేదు, అమ్మకి లేదు, నీకు ఉంది. అవును వదినా. అది వాడికి నువ్వే ఇచ్చావు. నీకు మీ అమ్మ ఇచ్చి ఉంటుంది, ఆవిడకి వాళ్ళమ్మ. కానీ వాడిని తీసుకుపోయింది అది అనడానికి మా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఇన్ని వేలమంది పిల్లల గొంతుల్లో ఊరికే కూర్చున్నది వాడి ఒక్కడిమీద ఎందుకు పగబడుతుంది?

చిన్నదానికీ ఉంది. కంగారుపడకు. రెండుసార్లు చూశాను, ఉంది. నువ్వు పాలు మాన్పించకముందే, గది మారకముందే వచ్చేసి ఉంటుంది. అది శుభ్రంగా పాకుతోంది, పళ్ళు మొలిపించుకుంటోంది, అమ్మా అంటోంది. నువ్వు తలుపవతల కూర్చుని మిషను తొక్కినన్నాళ్ళూ దేన్నుంచీ కాపాడలేదు వదినా దాన్ని. ఈ మాట రాయడానికి నాకెంత బాధగా ఉందో.

ఇంకొక్కటి మిగిలింది, నువ్వు తప్పకుండా అడుగుతావు. అది కాకపోతే మరి ఏది? బుడంకాయ నమూనా, మెదడుజ్వరం తెచ్చేవి మాకు తెలిసినవన్నీ పెట్టి మళ్ళీ చూశాను. ప్రొఫెసర్ గారే దగ్గరుండి చూడనిచ్చారు. ఏదీ లేదు. మాకు తెలియదు వదినా. ఇంత పెద్ద మిషన్లున్నాయి, ఇన్ని దేశాల గొట్టాలున్నాయి, వాడెందుకు పోయాడో మాకు తెలియదు.

వెళ్ళి దాన్ని ఎత్తుకో. నా మీద ఒట్టు.

నీ పిచ్చుక

*

హార్బరు వీధి, ముందుగది
వాన పడుతోంది

పిచ్చుకా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయలేదని నొచ్చుకుని ఉంటావు. మీ అన్నయ్య ఫోనులో చెప్పే ఉంటారు, వదిన బాగానే ఉందని. బాగా అంటే ఏమిటో ఆయనకీ తెలియదు, పాపం.

నిజం చెప్పనా? నీ ఉత్తరం చదివి నాకు సంతోషం కలగలేదు. ఒళ్ళు మండిపోయింది. నేనే చంపాననుకున్నన్నాళ్ళూ కనీసం ఎవరు చంపారో తెలుసు. దాని మీద పడి ఏడవడానికి ఒకటుండేది. ఇప్పుడు అదీ లాగేసుకున్నారు మీరు. వాడు ఊరికే పోయాడా? ఏ కారణమూ లేకుండా, ఎవరి తప్పూ లేకుండా, పొద్దున బడికి వెళ్ళి వచ్చి తలనొప్పని పడుకున్నవాడు అలా ఊరికే పోతాడా? మీ అమ్మగారిని అడిగాను ఇదే. ఆవిడ, "నేను వాడి కన్నా ముందు పోవాల్సినదాన్ని, నన్నడిగితే ఏం చెప్పనమ్మా" అని నా పక్కన కూర్చున్నారు. ఇద్దరం కలిసి ఏడ్చాం. వాడు పోయాక మేమిద్దరం ఒకచోట కూర్చుని ఏడవడం అదే మొదలు.

డాక్టరమ్మ వచ్చింది. వీధి చివరినుంచి చివరిదాకా నడిచి చెప్పింది, తడుస్తూ. వలలమ్మే ఆవిడ మర్నాడు చిరిగిన లంగా ఒకటి పట్టుకొచ్చి, "ఇది కుట్టాలి" అంది. దాంట్లో కుట్టడానికేమీ లేదు, అంతా కుట్లే. అయినా కుట్టాను. దారం పంటితో తెంపి ఇచ్చాను, ఆవిడ చూస్తుండగానే. తీసుకుపోయింది.

చిన్నదాన్ని వెంటనే ఎత్తుకోలేదు పిచ్చుకా, నీ మీద ఒట్టు పెట్టినా. చేతులు రాలేదు. అలవాటు తప్పింది. అదీ నన్ను మర్చిపోయింది, కొత్త మనిషిని చూసినట్టు చూసి అత్తయ్య భుజంలో మొహం దాచుకునేది. నా వంటి వాసన మర్చిపోయింది నా బిడ్డ. వాడెందుకు పోయాడో మీకు తెలియదు, ఈ పోయిన నెలల సంగతి మాత్రం నాకు బాగా తెలుసు, ఎవరు పోగొట్టారో కూడా.

నిన్న మధ్యాహ్నం అత్తయ్య దానికి యాపిల్ ముక్క ఇచ్చి, నా గదిలో నేలమీద దింపేసి పోయారు. కావాలనే. నేను కుడుతున్నాను. అది ఉన్న కాసిని పళ్ళతో దాన్ని నమిలీ నమిలీ ముద్ద చేసింది. పాకుతూ వచ్చి, మిషను కాలు పట్టుకుని లేచి నిలబడి, ఆ ముద్ద నా నోటికి అందించింది. చొంగ కారుతోంది. నా పెదాల మీద అదుముతోంది, తిను అన్నట్టు. నేను గభాలున యూనిఫారం గుడ్డ ఒకటి లాగి దాని చేతికీ నా నోటికీ మధ్య పెట్టాను. ఎందుకలా చేశానో తెలియదు. దానికేమీ అర్థం కాలేదు. ఆ గుడ్డని పట్టుకుని ఊగింది.

కాకెంగిలి అని దీనికి వాడు నేర్పాల్సింది. ఈపాటికి నేర్పేసి ఉండేవాడు.

గుడ్డ తీసేశాను. తిన్నాను. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తిన్నాను. ఇద్దరికీ మొహాల నిండా అదే. ఎత్తుకుంటే ఏడవలేదు. నా మెళ్ళో కత్తెర పట్టుకుని ఆడుకుంది. అత్తయ్య వంటింట్లోంచి చూసి, ఏదో గిన్నె పనున్నట్టు అటు తిరిగిపోయారు.

ఒక్కటి అడుగుతాను, కాదనకు. పని అయిపోయాక ఆ గొట్టాలు పారేస్తారటగా? నంబరు మీకు తెలుసు. వాడిది పారెయ్యకు. అందులో ఉన్నది నా నోట్లోంచి వాడి నోట్లోకి వెళ్ళిందని నువ్వే రాశావు. వాడి చొక్కాలు మెత్తబడిపోతున్నాయి, వాటికి వాసన పోయింది. వాడూ నేనూ ఇంకా కలిసి ఉన్న చోటు అదొక్కటే. ఆ చల్లటి పెట్టెలో ఓ మూల ఉండనివ్వమని మీ ప్రొఫెసర్ గారిని అడుగు. నేనడిగానని చెప్పు.

ఇవాళ ఆరేళ్ళ కొలత కత్తిరించాను. ఒక్కటే కత్తిరించాను, ఎవరిదో పిల్లాడిది, రేపు వచ్చి తీసుకుంటారు.

చిన్నది లేచినట్టుంది. పిలుస్తోంది. అత్తయ్య వెళ్ళడం లేదు, నేనే వెళ్ళాలి.

నీ వదిన